కార్డు మీద నాయన పేరు

అంబుజం పెనం మీద దోసె తిరగేస్తుంటే, బయట అరుగు మీద ధనపాల్ మేస్త్రీ తాపీకి అంటుకుని ఎండిపోయిన సిమెంటును గీకుతున్నాడు. వేలూరు కొసపేటలో ఆ సందుకు కొళాయి నీళ్ళు వచ్చే వేళ అది. బిందెల చప్పుడు, ఆడవాళ్ళ మాటలు, పక్కింట్లో కొత్తగా పెట్టించుకున్న కేబుల్ టీవీ పాటలు అన్నీ కలిసి ఇంట్లోకి వస్తున్నాయి. సందులో చాలామంది ఇళ్ళు కట్టే పనివాళ్ళే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చదివేదీ రాసేదీ మాత్రం తమిళమే.

"రాండి, చల్లారిపోతా ఉండాది," అని అంబుజం కేకేసింది.

ధనపాల్ చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. ఎక్కువ మాట్లాడడు. సత్తువాచ్చారి వైపు పొలాలన్నీ ప్లాట్లయి మేడలు లేస్తున్న కాలం కావడంతో ఆయనకు ఆదివారం కూడా తీరిక దొరకడం లేదు. ఎవరైనా చిన్న సాయం చేసినా చేతులు జోడించడం ఆయన అలవాటు. టీ తెచ్చి ఇచ్చినవాడికి కూడా మా అప్ప దణ్ణం పెడతాడని కూతురు సుగన్య నవ్వుతూ ఉంటుంది.

అప్పుడే కొడుకు కార్తికేయన్ చేతిలో ఒక కాగితంతో లోపలికి వచ్చాడు. పాలిటెక్నిక్ చదివి ఒక కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరిన కుర్రవాడు.

"అప్పా, ఈ ఆదివారం మన వీధోళ్ళకి ఫోటో తీస్తారంట. ఓటరు కార్డుకి. మునిసిపల్ స్కూల్లో."

"మీరు పోయి తీయించుకోండి. నాకు పని ఉండాది. ఆ మేడకు స్లాబు వేయాల."

"నీ పేరు జాబితాలోనే లేదు గదా! రాసుకునేదానికి ఎప్పుడొచ్చినా నువ్వు ఇంట్లో ఉండవు. నేనే తాలూకా ఆఫీసుకి తిరిగి తిరిగి ఈ కాగితం తెచ్చినా. పూర్తి చేసి, తెలిసినోళ్ళను వెంటపెట్టుకోని వస్తే ఆ రోజే పేరు చేర్చి ఫోటో తీస్తామన్నారు." కార్తికేయన్ జేబులోంచి పెన్ను తీశాడు. "అన్నీ రాసేసినా. ఒకటే మిగిలి ఉండాది. మీ నాయన పేరు చెప్పు."

ధనపాల్ తుంచిన దోసె ముక్కను మళ్ళీ విస్తట్లో పెట్టేశాడు. అంబుజం పొయ్యి దగ్గరినుంచి భర్త వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"తర్వాత చూద్దాంలే," అన్నాడు ధనపాల్.

"చూసేదేముంది? పేరే గదా!"

"చెప్తా ఉండా గదా, నాకేం కార్డు వద్దు." ఆయన సగం తిన్న విస్తరి ముందునుంచి లేచి, చేతులు కడుక్కుని, పనిముట్ల సంచీ సైకిలుకు తగిలించుకుని వెళ్ళిపోయాడు.

కార్తికేయన్ కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్ప చిన్నప్పుడే తాత పోయినాడని మాత్రమే వాళ్ళకు తెలుసు. తండ్రి ఎప్పుడూ అంతకు మించి చెప్పలేదు. పిల్లలూ ఎప్పుడూ పట్టి అడగలేదు.

"ఏంమా ఈయన? ఊరంతా లైన్లో నిలబడి తీయించుకుంటా ఉండారు. పేరు చెప్పేదానికి ఏమైంది?"

"ఆయన్ని విడిచిపెట్టు నాయనా. వద్దంటే వద్దు," అంది అంబుజం. 

ఆ మాటతో కార్తికేయన్ విడిచిపెట్టేవాడు కాడు. వాడికి ఆ కార్డు మీద అంత పట్టుదల ఉండటానికి కారణం ఉంది.

నాలుగేళ్ళ కిందట, శ్రీపెరుంబుదూరులో మాజీ ప్రధానిని బాంబు పెట్టి చంపిన ఎండాకాలంలో, జిల్లా అంతా పోలీసుల తనిఖీలు సాగాయి. కొత్త ముఖం కనబడితే చాలు, ఆపి ఎవరు, ఎక్కడినుంచి అని అడిగేవారు. కార్తికేయన్ అప్పుడింకా చదువుకుంటున్నాడు. సెలవుల్లో తండ్రితో పనికి వెళ్ళేవాడు. ఒకరోజు కాట్పాడి స్టేషను దగ్గర స్నేహితుడి కోసం ఎదురుచూస్తుంటే పట్టుకున్నారు. వాడి తమిళం యాస వాళ్ళకు కొత్తగా వినబడింది. ఫలానా అని చూపించడానికి జేబులో ఏమీ లేదు. పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టి, అడిగిందే అడుగుతూ, చెంపల మీద కొట్టారు. మర్నాడు పొద్దున, అదే సందులో ఉండే యోసేపు లోపలికి వచ్చాడు. ఆయన ఒక చర్చి కాంపౌండులో వాచ్‌మన్. ధనపాల్ ఇల్లు కట్టి ఇచ్చిన ఒక హెడ్మాస్టరును వెంట తీసుకువచ్చి, ఈ పిల్లోడు నాకు తెలుసు, నేను పూచీ అని సంతకం చేసి విడిపించాడు.

బయటికి వచ్చిన కార్తికేయన్‌కు రోడ్డుకు అవతల, టీ అంగడి పక్కన తండ్రి కనబడ్డాడు. పొద్దుటినుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి మాత్రం రాలేదు. కార్తికేయన్ ఆ దృశ్యం మరిచిపోలేదు. ఎప్పుడూ దాని గురించి అడగలేదు కూడా.

సాయంత్రం ధనపాల్ పని నుంచి వచ్చి స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాడు. కార్తికేయన్ కాగితం తీసుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అప్పా, పొద్దున మాట మధ్యలో నిలిచిపోయింది."

"చెప్పేసినా గదా."

"నువ్వు చెప్పిందాంట్లో న్యాయం లేదు. ఈ కార్డు ఓటుకి మాత్రమే కాదు. రేపు అన్నిటికీ అడుగుతారు. నన్నడిగితే చట్టమే చేసేయాల. ఈ దేశంలో ప్రతి మనిషీ జేబులో కార్డు పెట్టుకోనే తిరగాల. ఎవురు మంచోడో ఎవురు దొంగో అప్పుడు తెలుస్తుంది."

"పెట్టుకోనోడు?"

"పట్టుకోని లోపలెయ్యాల. తప్పు వాడిదే."

"లేనోడు?"

"ఎందుకు లేకుండా పోతుంది? అడిగితే ఇస్తారు."

"అడిగితే వాళ్ళు తిరిగి నాలుగు మాటలు అడుగుతారు గదరా. ఆ మాటలకు జవాబు లేనోడు యాడికి పోవాల?"

"జవాబు లేకుండా ఎవుడుంటాడు? ఏదో దాచిపెట్టేవాడు ఉంటాడు!" కార్తికేయన్ గొంతు పెరిగింది. పక్కింటివాళ్ళు టీవీ తగ్గించారు. "ఒక్క అట్ట ముక్క జేబులో ఉండుంటే ఆ పొద్దు నన్ను కొట్టుండరు. నువ్వు దెబ్బలు తిన్లేదు గదా, నీకెట్ల తెలుస్తుంది?"

"కార్తీ, నెమ్మదిగా మాట్లాడు," అంటూ అంబుజం గుమ్మంలోకి వచ్చింది.

"లేదుమా, ఈపొద్దు అడిగేస్తా. యోసేపు మామ ఎవురు నాకు? చుట్టమా? ఆయన లోపలికి వచ్చినాడు. మా అప్ప రోడ్డుకి అవతల నిలబడి చూస్తా ఉండినాడు. కన్న కొడుకును కొడతా ఉంటే లోపలికి వచ్చి 'వీడు నా బిడ్డ' అని ఒక్క మాట చెప్పేదానికి నీకు భయమైంది గదప్పా?"

సుగన్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంబుజం ముందుకు వచ్చి కొడుకు చెంప మీద కొట్టబోయింది. ధనపాల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కొట్టద్దు. వాడు అడిగింది నిజమే. భయమే అయింది నాకు."

 ఆయన పక్కన చోటు చూపించి కూర్చోమన్నాడు. కార్తికేయన్ కూర్చోలేదు.

"నేను వచ్చి 'వీడు నా బిడ్డ' అంటే, ఆ ఇన్‌స్పెక్టరు అడిగే మొదటి మాట ఏంది? నువ్వెవురు, మీ నాయన ఎవురు, ఊరేది అని. నాకు తెల్దు నాయనా."

"తెల్దంటే?"

"నన్ను కన్నోళ్ళు ఎవురో నాకు తెల్దు. ఆ మాట చెప్తే నన్ను కూడా లోపలేస్తారని కాదు భయం. ఊరూ పేరూ లేనోడి కొడుకని నీ మింద ఇంకా అనుమానం పెరుగుతుందని. అందుకే యోసేపు కాళ్ళు పట్టుకోని నువ్వు పొమ్మని పంపిస్తిని."

కార్తికేయన్ చేతిలో కాగితం కిందికి వాలిపోయింది. ధనపాల్ వీధి వైపు చూస్తూ చెప్పసాగాడు.

"అరక్కోణం స్టేషను. నాకు ఐదేండ్లు ఉంటాయేమో. ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకోని ఉండినాను. చెయ్యి మాత్రం గుర్తుండాది. ముఖం గుర్తు లేదు. రైలు వచ్చింది, జనం తోసుకున్నారు. మళ్ళా చూస్తే ఆ చెయ్యి లేదు. అందరూ తమిళంలో ఏమేమో అడగతా ఉండినారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. 'అమ్మ యాడ, అమ్మ యాడ' అని ఏడుస్తా ఉండినాను. అప్పుడు నెత్తిన తట్ట పెట్టుకోని పోతా ఉండినాయన ఒకరు ఆగి 'ఎందుకురా నాయనా ఏడుస్తా ఉండావు' అన్నాడు. అంత జనంలో నాకు అర్థమైన మాట అదొక్కటే. ఆయన కాలు పట్టుకుంటిని. ఇంక వదల్లేదు."

"ఎవురప్పా ఆయన?" సుగన్య గొంతు చిన్నగా వినిపించింది.

"కుప్పుసామి మేస్త్రీ. అప్పుడు ఆయన అరక్కోణంలో రైల్వే ఇళ్ళు కట్టే పనిలో ఉండినాడు. అక్కడ పని ఉండినన్ని దినాలూ పొద్దున్నే నన్ను ఎత్తుకోని స్టేషనుకు పోయి నిలబెట్టేవాడు, మా అమ్మ వెతుక్కుంటా వస్తుందేమో అని. ఎవురూ రాలేదు. అనాథాశ్రమానికి రాసిస్తామని అక్కడోళ్ళు చెప్పినారు. ఆయన ఒప్పుకోలేదు. 'వీళ్ళమ్మ వస్తే గుడియాత్తంలో కుప్పుసామి ఇల్లు అడగమనండి, బిడ్డ అక్కడ ఉంటాడు' అని చెప్పి ఎత్తుకోనొచ్చినాడు. ధనపాల్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. పని నేర్పించినాడు. మీ అమ్మను తెచ్చి పెండ్లి చేసినాడు."

"అంటే గుడియాత్తం అవ్వ..." కార్తికేయన్ అన్నాడు. ఏడాదికోసారి తండ్రి చీర తీసుకుని వెళ్ళి చూసివచ్చే మహాలక్ష్మి అవ్వ అంటే, అప్పకు పని నేర్పిన మేస్త్రీ గారి భార్య అనే వాళ్ళకు తెలుసు.

"ఆయమ్మే నన్ను పెంచింది. నేను ఆ ఇంటికి పోయేటప్పటికి వాళ్ళకు బిడ్డల్లేరు. తర్వాత కాశి పుట్టినాడు."

"మరి ఆయన పేరే చెప్పొచ్చు గదప్పా! ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

ధనపాల్ అంబుజం వైపు చూశాడు. అంబుజమే చెప్పింది.

"ఆయన పోయినప్పుడు నువ్వు ఒళ్ళో బిడ్డవి. కర్మ అయిన మర్నాడు కాశి వచ్చి ఈయన్ని పక్కకు పిలిచినాడు. 'అన్నా, నువ్వు పెంచుకున్న బిడ్డవి. రేపు ఏ కాగితంలోనూ మా నాయన పేరు రాయద్దు. ఇల్లు, స్థలం అని తగాదాలు రాకూడదు' అన్నాడు. ఈయన సరే అని చేతిలో చెయ్యేసి చెప్పి, నన్నూ నిన్నూ తీసుకోని ఈ ఊరికి వచ్చేసినాడు. ఆ మాట కోసరమే రేషన్ కార్డు కూడా నా పేరు మీద తీయించినాడు."

కార్తికేయన్ అరుగు మీద కూర్చుండిపోయాడు. తను ఇంతసేపూ గట్టిగా అరుస్తూ కావాలన్న చట్టం నిజంగా వస్తే, అది మొట్టమొదట పట్టుకునేది తన తండ్రినే. జవాబు లేనివాడు దొంగేనని తనే ఇప్పుడే అన్నాడు. వాడు తండ్రి మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చాడు. దెబ్బలు తిన్న రోజు కూడా వాడు అంతగా ఏడవలేదు.

"నాకు తెల్దప్పా. తెలిసుంటే ఆ మాట అనుండను."

"నువ్వు అడిగినావు కాబట్టి చెప్పగలిగినా. లేకపోతే నాతోనే పోయుండేది," అంటూ ధనపాల్ కొడుకు వీపు నిమిరాడు. మోటుదేలిన ఆ అరచెయ్యి చొక్కాకు గరగరమని తగులుతోంది.

"ఈ కార్డు వద్దప్పా. చించేస్తా ఈ కాగితం."

"చించద్దు." ధనపాల్ గొంతు మారింది. "నాకు అన్నం పెట్టి, పేరు పెట్టి, పని నేర్పినాయన పేరు నోటితో చెప్పేదానికి లేకుండా ఇన్నాళ్ళు బతికినా. ఆయన బతికుండంగా 'నాయనా' అని పిలిచినా గానీ, ఆయన పోయినంక ఒక్క మనిషి ముందర చెప్పలేదు. రేపు శనివారం గదా? గుడియాత్తం పోయి కాశిని అడుగుతా. మాట ఇచ్చింది వాడికే. వాడు విడిచిపెడితే రాస్తా. లేదంటే లేదు."

మర్నాడు తండ్రీ కొడుకులు పొద్దున్నే బస్సెక్కారు.  పళ్ళికొండ దాటాక ధనపాల్ ఉండుండి ఒక్కొక్కటీ చెప్పాడు. కుప్పుసామి గోడ లేపుతుంటే ఇటుక వరస సూటిగా రావడానికి తాడు పట్టుకోవడం, తప్పు చేస్తే తిట్టకుండా ఇటుక తీసి మళ్ళీ పెట్టించడం, అన్నం మూటలో చేపముక్క ఉంటే తన వైపు జరపడం. చెబుతున్నంతసేపూ ఆయన ముఖంలో నవ్వుంది. తండ్రి అన్ని మాటలు ఒకేసారి చెప్పడం కార్తికేయన్ ఎప్పుడూ వినలేదు.

గుడియాత్తంలో లుంగీలు నేసే మగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే వినిపించింది. కాశి ఇంటి ముందు భాగంలో పెయింట్లు, పైపులు అమ్మే అంగడి పెట్టుకున్నాడు. వసారాలో మహాలక్ష్మమ్మ చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ధనపాల్‌ను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"ఏంరా, పండగా లేదు, పబ్బమూ లేదు, ఇట్ల వచ్చినావు? పిల్లోడు కూడా వచ్చినాడే! కూర్చోండి, మజ్జిగ తాగుదురు."

"వస్తా ఉండామ్మా. కాశితో ఒక మాట ఉండాది."

కాశి అంగట్లో ఉన్నాడు. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు. ధనపాల్ గల్లాపెట్టె పక్కన నిలబడి, దాచిపెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"కాశీ, రేపు ఓటరు కార్డుకు ఫోటో తీస్తారు. నాయన పేరు అడుగుతారు. నీకు మాట ఇచ్చినాను గాబట్టి నిన్నడిగేదానికి వచ్చినా. ఇల్లు, స్థలం ఏదీ నాకు వద్దు. కావాలంటే ఇప్పుడే రాసిస్తా. ఆయన పేరు ఒక్కటి రాసుకుంటా. నువ్వు కాదంటే ఏం పరవాలే, ఇట్లనే వెనక్కి పోతా. నీ మింద కోపం ఉండదు."

కాశి తలెత్తలేదు. బల్ల మీది రంగు డబ్బాను ఇటు జరిపాడు, అటు జరిపాడు.

"ఏం మాట అది?"

ఇద్దరూ తిరిగి చూశారు. మహాలక్ష్మమ్మ మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. "ఎవురు ఎవురికి మాట ఇచ్చినారు?"

 ఆమె కార్తికేయన్ వైపు చూసింది. "నువ్వు చెప్పు నాయనా."

కార్తికేయన్ తండ్రి ముఖం చూసి, తల దించుకుని, విన్నదంతా చెప్పాడు.  ముసలామె గ్లాసులు బల్ల మీద పెట్టి, ధనపాల్ దగ్గరికి వచ్చింది.

"ఏటా చీర తెచ్చిస్తావు. ఒక్క పూట ఉండమంటే ఉండవు. అంబుజానికి మా ఇల్లు గిట్టలేదేమో, అందుకే నా బిడ్డ దూరమైనాడని నేను అనుకుంటా ఉండినా. ఇన్నేండ్లు ఆ పిల్లను మనసులో తప్పుగా అనుకున్నా గదరా! నువ్వు మా ఇంట్లో అడుగు పెట్టినంకనే నాకు కాశి పుట్టినాడు. వాణ్ణి చంకలో ఎత్తుకోని తిప్పింది నువ్వు. నాకు మొదట అమ్మా అన్నది ఎవురు? వీడా, నువ్వా?"

ఆమె కాశిని ఒక్క మాట కూడా అనలేదు. వాడి వైపు చూడనైనా చూడలేదు. అది కాశికి దెబ్బ కంటే గట్టిగా తగిలింది. అంగట్లో ఏదో కొనడానికి వచ్చిన మనిషిని తర్వాత రమ్మని పంపేసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు అప్పుడు ఇరవై ఏండ్లన్నా. నాయన ఉన్నట్టుండి పోయినాడు. ఇంట్లో ఏమేం ఉండాదో, ఏం చేయాలో ఏమీ తెల్దు. ఎవురో చెవిలో వేసినారు, పెంచుకున్నోడు వాటా అడుగుతాడని. భయపడి అనేసినా."

"నేను తప్పు పట్టలేదు కాశీ."

"అదే అన్నా నాకు బాధ! నువ్వు తిట్టుంటే మర్నాడే నీ కాళ్ళు పట్టుకోని ఉందును. నువ్వు సరే అని పోయినావు. నేను అన్న మాట నాకు గుర్తుండాది. అన్నకు ఇవన్నీ గుర్తుండవులే అని నాకు నేను చెప్పుకోని బతికినా. నువ్వు దాన్నే పట్టుకోని, నీ బిడ్డలకు కూడా చెప్పకుండా..."  కాశి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ధనపాల్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. "నాయన పేరు రాసుకునేదానికి నన్ను అడగతా ఉండావా అన్నా? నేనెవుర్ని ఇచ్చేదానికి?"

ధనపాల్ తమ్ముడి తల మీద చెయ్యి వేశాడు.  రెండు చేతులూ జోడించబోతే కాశి పట్టుకుని కిందికి దించాడు.

"రేపు నేనూ వస్తా," అన్నాడు.

"నన్ను విడిచిపెట్టి పోతావా? నేను రానా?" అంది మహాలక్ష్మమ్మ.

"నీ ఫోటో ఇక్కడ తీస్తారు అవ్వా, వేలూర్లో కాదు," అన్నాడు కార్తికేయన్ కళ్ళు తుడుచుకుంటూ.

"నా ఫోటో ఎవురికి కావాల? నా కోడల్ని చూడాల నేను."

ఆ సాయంత్రానికి నలుగురూ వేలూరు చేరారు. అత్తగారు బస్సు దిగి సందులోకి నడిచి వస్తుంటే చూసిన అంబుజం, చేతిలో చేట అక్కడే వదిలి పరిగెత్తుకుంటూ ఎదురు వెళ్ళింది. మహాలక్ష్మమ్మ ఆమె రెండు చెంపలూ పట్టుకుని, "నన్ను మన్నించు తల్లీ" అంది. ఎందుకో అంబుజానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే ఇద్దరూ వీధి మధ్యలో ఏడుస్తున్నారు.

ఆదివారం మునిసిపల్ స్కూలు వరండా దాటి బయటి ఎండలోకి పెద్ద లైను. లోపల ఒక గదిలో నీలం గుడ్డ కట్టి, దాని ముందు కుర్చీ వేశారు. బల్ల మీద కంప్యూటర్. దాన్ని చూడటానికే పిల్లలు కిటికీలకు వేలాడుతున్నారు. లైన్లో ముందు యోసేపు ఉన్నాడు. జరిగినదంతా సందుకంతా అప్పటికే తెలిసిపోయింది. ధనపాల్ ఆయన దగ్గరికి వెళ్ళి, "ఆ పొద్దు నువ్వు లోపలికి పోకపోయుంటే నా బిడ్డ ఏమైపోయుండునో. నీ మేలు మరిచిపోను యోసేపూ," అన్నాడు.

"ఎన్నిసార్లు చెప్తావు మేస్త్రీ? చాల్లే," అని యోసేపు నవ్వి, కార్తికేయన్ వైపు తిరిగాడు. "ఏంరా, అందరూ కార్డు జేబులో పెట్టుకోనే తిరగాల, చట్టం రావాల అని అరిచినావంట, సందంతా విన్నాము. ఇప్పుడేమంటావు?"

కార్తికేయన్ తండ్రి వైపు చూశాడు.

"కార్డు మంచిదే మామా. అడిగినోళ్ళందరికీ ఇయ్యనీ. నాకుండుంటే నాకు దెబ్బలు తప్పుండేవి, అది నేను మరిచిపోలేదు. కానీ లేదని చెప్పి ఎవుర్నీ పట్టుకోకూడదు. అరక్కోణంలో ఆ తాత కార్డు చూసి మా అప్పను ఎత్తుకోలేదు గదా."

యోసేపు వాడి భుజం తట్టాడు.

ధనపాల్ వంతు వచ్చింది. గుమాస్తా కాగితం తీసుకుని, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, "అప్పా పేరు ఎన్న?" అని తమిళంలో నాయన పేరు అడిగాడు.

ధనపాల్ నిటారుగా నిలబడ్డాడు. "కుప్పుసామి," అన్నాడు. సరిగా వినిపించలేదేమోనని ఇంకొంచెం గట్టిగా, "మా నాయన పేరు కుప్పుసామి. గుడియాత్తం కుప్పుసామి మేస్త్రీ," అన్నాడు.

"ఇంతవరకూ యాడా పేరు లేదే. తెలిసినోళ్ళు ఎవరైనా ఉన్నారా?"

కాశి ముందుకు వచ్చాడు. "నేను ఆయన తమ్ముణ్ణి సార్. ఇది మా అమ్మ."

గుమాస్తా ముసలామె వైపు చూశాడు. మహాలక్ష్మమ్మ ధనపాల్ చెయ్యి పట్టుకుని తమిళంలోనే చెప్పింది, ఇతడు నా పెద్ద కొడుకు, వాడు రెండోవాడు అని. గుమాస్తా కాశి చేత ఒక సంతకం పెట్టించుకుని, ఖాళీ పూర్తి చేసి, పైన పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం చేర్చాడు. కె. ధనపాల్ అని చదివి వినిపించి సరేనా అన్నాడు.

ధనపాల్ తల ఊపి, వెళ్ళి నీలం గుడ్డ ముందు కూర్చున్నాడు. ఫోటో తీసే కుర్రవాడు సిద్ధమయ్యేసరికి ఆయన కళ్ళనుంచి ధార కారుతోంది. పైగుడ్డతో తుడుచుకున్నాడు. మళ్ళీ నిండాయి. గుమ్మం దగ్గర తల్లి, తమ్ముడు, భార్య, ఇద్దరు పిల్లలు నిలబడి ఆయననే చూస్తున్నారు. వాళ్ళ వైపు చూస్తే ఇంకా ఎక్కువైంది.

"అళాదీంగ అయ్యా, ఫోటో పాడైపోతుంది," అన్నాడు ఆ కుర్రవాడు మెల్లగా, ఏడవద్దని.

"ఒక్క నిమిషం నాయనా. బాధ కాదు ఇది," అన్నాడు ధనపాల్.

కుర్రవాడు కెమెరా వదిలి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుమాస్తా కలం కింద పెట్టాడు. ఎండలో నిలబడిన లైను అంతా ఆగింది. ఆయన కళ్ళు ఆరేదాకా ఎవరూ విసుక్కోలేదు.